మందులు అమ్మని ఆక్వా ల్యాబ్: ఉండి రోడ్డులో నీళ్లు, రొయ్య పరీక్షలు ఎలా చేస్తున్నారంటే

భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్య సాగు చేసేవాళ్లు ఎవరైనా ఒక్కసారి ఈ ల్యాబ్‌కి వెళ్లి రావాలని ముందే చెప్పేస్తున్నాను. ఉండి రోడ్డులో మెయిన్ రోడ్డు మీద కాకుండా కాస్త లోపలికి, మేడ మీద ఉంటుంది. బోర్డు చిన్నది, కింద నుంచి సరిగ్గా కనపడదు కూడా. అయినా ఆటో అబ్బాయిని "మందులమ్మని ల్యాబ్" అని అడిగితే తీసుకెళ్లి మెట్ల దగ్గర దింపేస్తాడు. మా వైపు దాని పేరే అదైపోయింది.

ల్యాబ్ మందులు అమ్మకపోవడం కూడా ఒక విశేషమేనా అని బయటివాళ్లకి అనిపించొచ్చు. ఆకివీడు నుంచి నరసాపురం దాకా ఏ సెంటర్‌లో దిగినా ఆక్వా మందుల షాపు ఉంటుంది, దాని వెనక గదిలో ల్యాబ్ ఉంటుంది. పరీక్ష ఉచితం. బాటిల్ ఇచ్చి టీ తాగొచ్చేలోపు రిపోర్టు వస్తుంది, రిపోర్టు వెనకే మందుల చీటీ వస్తుంది. అమ్మోనియా ఉంది కాబట్టి జియోలైట్ ఇన్ని బస్తాలు, విబ్రియో బ్యాక్టీరియా ఉంది కాబట్టి శానిటైజర్ ఇన్ని లీటర్లు, రొయ్య మేత సరిగ్గా తీసుకోవడం లేదు కాబట్టి గట్ ప్రోబయోటిక్ ఇన్ని కిలోలు. కొలిచే చెయ్యీ అమ్మే చెయ్యీ ఒకటే అయినప్పుడు ఆ కొలతని ఏ ధైర్యంతో నమ్మాలి? షాపుల్లో పనిచేసే టెక్నీషియన్లందరూ మోసగాళ్లని నేను అనను. వాళ్లలో చాలామంది చదువుకున్న మంచి పిల్లలు, అర్ధరాత్రి ఫోన్ చేసినా గట్టు మీదకి వచ్చేవాళ్లు ఉన్నారు. కానీ నెలాఖరుకి ఇంత సరుకు అమ్మాలని టార్గెట్ పెట్టి, చేతికి టెస్ట్ కిట్ ఇస్తే ఆ పిల్లలు మాత్రం ఏం చేస్తారు?

ఈ ల్యాబ్‌లో పరీక్షకి డబ్బులు తీసుకుంటారు. నీళ్ల పరీక్షలన్నీ కలిపి మూడు నాలుగు వందల్లో అయిపోతాయి, జబ్బు క్రిమి డీఎన్ఏని పట్టే పీసీఆర్ పరీక్ష ఒక్కో జబ్బుకి వెయ్యి దాకా అవుతుంది. మొదట్లో ఎక్కువే అనిపిస్తుంది. ఒక్క బస్తా మేత ధరతో పోల్చి చూసుకుంటే ఆ మాట అనబుద్ధి కాదు.

తేడా శాంపిల్ ఇచ్చేటప్పుడే తెలిసిపోతుంది. కౌంటర్ దగ్గరుండే అమ్మాయి బాటిల్ అందుకునే ముందే ఎన్ని గంటలకి పట్టారు, గట్టు పక్కన పట్టారా మధ్యలో పట్టారా, పైనీళ్లా అడుగునీళ్లా, నిన్న ఏమైనా చల్లారా అని అడిగి, అవన్నీ రిపోర్టులో రాస్తుంది. నేను కూర్చుని ఉండగా ఒక పెద్దాయన కూల్‌డ్రింక్ సీసాలో సగానికి నీళ్లు పట్టుకొచ్చారు. బండి డిక్కీలో ఎండకి కాగిపోయి ఉన్నాయి. "బాబాయ్ గారూ, ఈ నీళ్లకి ఆక్సిజన్ చెయ్యలేనండి, పీహెచ్ కూడా ఈపాటికి మారిపోయి ఉంటుంది. ఏదో ఒక నంబరు రాసిచ్చానంటే మీరు దాన్ని నమ్మి రాత్రికి ఏరేటర్లు ఆపేస్తారు. రేపు తెల్లారకుండా నిండుగా పట్టి, మూత నీళ్లలోపలే బిగించి తీసుకురండి" అంది. ఆయన కాసేపు ఇబ్బందిగా చూసి "ఆయ్, అలాగేనమ్మా" అని లేచారు. ఇంటి ముందుకొచ్చిన డబ్బు వెనక్కి పంపే ల్యాబ్‌ని నేను ఇంకోచోట చూడలేదు.

ఆక్సిజన్ కోసం వాళ్లే గాజు సీసాలు, రెండు చిన్న డ్రాపర్ బాటిళ్లు ఇస్తారు. గట్టు మీదే నీళ్లు పట్టి ఆ రెండు ద్రావణాలు చుక్కలుగా వేసి మూత పెడితే లోపల గోధుమరంగు మడ్డి దిగుతుంది, అంటే ఆక్సిజన్ అక్కడే బంధించబడిందన్నమాట, ఇక తీరిగ్గా తీసుకొచ్చినా పర్వాలేదు. తర్వాత వాళ్లు యాసిడ్ వేసి, థయోసల్ఫేట్‌తో చుక్క చుక్కగా లెక్కపెట్టి, గంజి కలిపిన నీలం రంగు ఎక్కడ మాయమవుతుందో చూస్తారు. వింక్లర్ అనే హంగరీ దేశపు రసాయన శాస్త్రవేత్త 1888లో చెప్పిన పద్ధతి ఇది. మీటర్లు వాళ్ల దగ్గరా ఉన్నాయి. కానీ మీటరు ఎలక్ట్రోడ్ మీది పొర పాడైతే అది తప్పు అంకె కూడా నమ్మకంగానే చూపిస్తుందనీ, అందుకే మీటర్‌ని అప్పుడప్పుడూ ఈ పాత పద్ధతితో సరిచూస్తామనీ చెప్పారు. పీహెచ్ మీటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. రోజూ పొద్దున్నే 4, 7, 10 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, సరిచేసినట్టు టైముతో సహా సంతకం. పీహెచ్ అనే కొలతని 1909లో డెన్మార్క్‌లో ఒక బీరు కంపెనీ నడిపిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే ఆయన పెట్టాడు. ఆ కొలత ఇవాళ కాళ్ల మండలంలో చెరువు గట్టు మీద సున్నం చల్లాలా వద్దా అనేది తేలుస్తోంది.

అమ్మోనియా గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ డబ్బు తగలేసేది ఈ ఒక్క అంకె మీదే. షాపుల్లో ఇచ్చే రిపోర్టులో సాధారణంగా మొత్తం అమ్మోనియా మాత్రమే రాస్తారు, ఉదాహరణకి 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) అని. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అందులో అమ్మోనియం రూపం రొయ్యకి పెద్దగా హాని చెయ్యదు, మొప్పల్లోంచి లోపలికి పోయి చంపేది అయాను కాని రూపం. ఏది ఎంత అనేది పీహెచ్, ఉష్ణోగ్రత బట్టి మారుతుంది. నీళ్లు 30 డిగ్రీలుంటే, పీహెచ్ 8 దగ్గర మొత్తంలో విషపు భాగం నూటికి 7 లేక 8 ఉంటుంది, పీహెచ్ 9కి వెళ్తే నూటికి 45 దాకా చేరుతుంది. అదే చెరువు, అదే 1 పీపీఎం, తెల్లవారుజామున భయపడక్కర్లేదు, నాచు బ్లూమ్ దట్టంగా ఉండి ఎండకి పీహెచ్ పైకి లేచిన మధ్యాహ్నం మూడింటికి మాత్రం గుండెలు అదరాల్సిందే. టైము రాయకుండా, పీహెచ్ పక్కన పెట్టకుండా ఇచ్చిన అమ్మోనియా అంకెతో రైతు చెయ్యగలిగింది ఏమీ లేదు, భయపడి బస్తాలు కొనడం తప్ప. ఈ ల్యాబ్ రిపోర్టులో మొత్తం అమ్మోనియా, అందులో విషపు భాగం, శాంపిల్ పట్టిన టైము మూడూ ఒకే వరసలో ఉంటాయి. వీలైతే పొద్దున, మధ్యాహ్నం రెండు శాంపిళ్లు తెమ్మంటారు, రెండోదానికి సగం డబ్బులే తీసుకుంటారు.

మినరల్స్ పరీక్ష కూడా బాగుంది. మనలో చాలామంది బోరు నీళ్లు, కాలువ నీళ్లు కలిపి 3, 4 పీపీటీ (లీటరుకి అన్ని గ్రాముల) ఉప్పదనంలో వనామీ పెంచుతున్నాం కదా, ఆ నీళ్లలో ఉప్పుందో లేదో చూస్తే చాలదు, ఆ ఉప్పులో ఏముందో చూడాలి. సముద్రపు నీటిలో ఉన్న నిష్పత్తిని లెక్కకి తీసుకుని ఉప్పదనాన్ని పొటాషియానికి 10.7తో, మెగ్నీషియానికి 39.1తో, కాల్షియానికి 11.6తో గుణిస్తారు. అంటే 4 పీపీటీ చెరువులో పొటాషియం సుమారు 43, మెగ్నీషియం 156, కాల్షియం 46 పీపీఎం ఉంటే రొయ్యకి హాయి. నా బోరు నీళ్లలో కాల్షియం కావలసినదానికన్నా ఎక్కువే ఉంది, పొటాషియం మాత్రం లెక్కకి చాలా తక్కువ వచ్చింది. గుల్ల వదిలాక రొయ్య మెత్తగా ఉండిపోతోందని అంతకుముందు ఒక షాపు వాళ్లు కాల్షియం బస్తాలే మోయించారు. పొటాషియం కొలవడానికి ఇక్కడ ఫ్లేమ్ ఫోటోమీటర్ ఉంది. నీళ్లని సన్నటి తుంపరగా మంటలోకి పంపితే ఒక్కో లోహం ఒక్కో రంగు వెలుగు ఇస్తుంది, దీపావళి మతాబుల్లో రంగులొచ్చినట్టే, సోడియానికి పసుపు, పొటాషియానికి లేత ఊదా. ఆ వెలుగు ఎంతుందో కొలిచి పీపీఎం చెప్తుంది. దాని దగ్గరుండే అబ్బాయి అడగ్గానే విసుక్కోకుండా దగ్గరుండి చూపించాడు, మా చిన్నాడు ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడని నేను చెబితే, వాణ్ని కూడా తీసుకురండి బాబాయ్ గారూ అన్నాడు.

ఫాస్ఫేట్ చేసే గదిలో గోడ మీద యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫోటో ఉంది. అలంకారానికి పెట్టారేమో అనుకున్నాను, కాదు. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి, దానికి ఎలక్ట్రాన్లు అందించే రసాయనం వేస్తే ఫాస్ఫరస్ ఉన్నంత మేర నీలం రంగు తేలుతుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతితోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని కనిపెట్టారు. ఇప్పుడు చెరువు నీళ్లకి వాడే రసాయనాలు కొంచెం మారాయి, నీలం రంగు మాత్రం అదే. నీళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువైతే నీలి ఆకుపచ్చ నాచు రెచ్చిపోతుందని ప్రతి రైతుకీ తెలుసు, ఆ ఫాస్ఫరస్‌ని కొలిచే దారి వేసినవాళ్లలో ఒకరు మన ఊళ్లో పుట్టారని ఎంతమందికి తెలుసు? బోదకాలుకి వాడే డీఈసీ మాత్ర వెనక కూడా ఆయన పని ఉంది, మన డెల్టాలో ఆ జబ్బు ఎంతమంది పెద్దవాళ్లని బాధపెట్టిందో చెప్పక్కర్లేదు. ఆ ఫోటో దగ్గర నేను కాసేపు నిలబడిపోయాను.

ఇక పీసీఆర్. ఈ ల్యాబ్‌కి వెళ్లమని చెప్పడానికి అసలు కారణం ఇదే.

1990ల మధ్యలో టైగర్ రొయ్యని తెల్లమచ్చ వైరస్ ఊడ్చేసినప్పుడు మా నాన్నగారి తరం దగ్గర ఏ పరీక్షా లేదు. పెంకు మీద మచ్చలు కనపడి మూడో రోజు నుంచి పది రోజుల్లోపు చెరువంతా పోతుంటే చూస్తూ నిలబడ్డారు. పొలాలు అమ్ముకున్న కుటుంబాలు మాకు తెలుసు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్లీ జనం చెరువుల్లోకి దిగారు, ఈసారి చేతిలో పీసీఆర్ ఉంది. కానీ పీసీఆర్ మిషన్ ఉన్న ప్రతిచోటా పీసీఆర్ సరిగ్గా జరుగుతోందని అనుకోవద్దు.

1983లో కేరీ ముల్లిస్‌కి ఈ ఆలోచన తట్టింది, 1993లో నోబెల్ వచ్చింది. రొయ్య మొప్పల్లోంచి తీసిన డీఎన్ఏని 95 డిగ్రీలకి వేడి చేస్తే రెండు పోగులూ విడిపోతాయి. 55, 60 డిగ్రీల మధ్యకి చల్లారిస్తే, వైరస్‌కి మాత్రమే సరిపోయేలా తయారుచేసిన చిన్న ముక్కలు వెళ్లి అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఎంజైమ్ మిగతా పోగు అల్లేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అంత వేడికి చెడిపోని ఆ ఎంజైమ్ అమెరికాలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో 1960లలో థామస్ బ్రాక్ కనిపెట్టిన బ్యాక్టీరియా నుంచి వచ్చింది. ఇలా 30 సార్లు తిరిగితే లెక్క ప్రకారం ఒక్క పోగు 107 కోట్లు దాటుతుంది. మన చెరువులో వైరస్ ఇంకా ఒకటీ అరా రొయ్యల్లో ఉన్నప్పుడే పట్టేసుకోగల బలం ఇందులోంచే వస్తుంది. ప్రమాదం కూడా ఇందులోంచే వస్తుంది. ఆ కోట్ల పోగులున్న ట్యూబు మూత తీసినప్పుడు కంటికి కనపడని తుంపర ఒక్కటి గాల్లోకి లేచి పక్కవాడి శాంపిల్‌లో పడినా చాలు, ఏ జబ్బూ లేని ఆ చెరువుకి కూడా పాజిటివ్ వస్తుంది.

అందుకే ఈ ల్యాబ్‌లో మూడు గదులున్నాయి. పీసీఆర్ రసాయనాలు కలిపే గది, రొయ్య కోసి డీఎన్ఏ తీసే గది, మిషన్ తిప్పి జెల్ (డీఎన్ఏ గీతలుగా కనపడే పలక) చూసే గది. ఒక గది కోటు, పిపెట్లు ఇంకో గదిలోకి రావు, మూడో గదిలోకి వెళ్లినవాళ్లు ఆ రోజు మళ్లీ మొదటి గదిలోకి అడుగు పెట్టరు. రిపోర్టుతో పాటు జెల్ ఫోటో ఇస్తారు. అందులో మన శాంపిల్ గీత ఒక్కటే కాదు, కచ్చితంగా వైరస్ ఉన్న పాజిటివ్ కంట్రోల్, నీళ్లు తప్ప ఏమీ లేని నెగటివ్ కంట్రోల్, రొయ్య సొంత జన్యువు ఒకటి కలిపి చూపిస్తారు. ఆ చివరిది ఎందుకంటే, డీఎన్ఏ సరిగ్గా బయటికి రాకపోయినా, ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం ఏదైనా ఉన్నా వైరస్ ఉండి కూడా నెగటివ్ వచ్చేస్తుంది. రొయ్య సొంత జన్యువు కనపడితేనే ఆ నెగటివ్‌ని నమ్మొచ్చు. తెల్లమచ్చకి మొప్పలు, ఈతకాళ్లు తీసుకుంటారు, కంటిని తీసి పక్కన పెడతారు, కళ్లలో పీసీఆర్‌ని అడ్డుకునే గుణం ఉందట. రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే జబ్బుకి, మనవాళ్లు లివర్ అనే హెపటోపాంక్రియాస్ తీసుకుంటారు.

నా రిపోర్టు ఒకటి ఒక రోజు ఆలస్యమైంది. చలికాలం, పక్క చెరువులో రొయ్య గట్టు పక్కకి చేరుతోందని మాట పుట్టింది, ఇంట్లో అందరికీ టెన్షన్. సాయంత్రం ల్యాబ్ నుంచి వాళ్లే ఫోన్ చేశారు. "నెగటివ్ కంట్రోల్‌లో చిన్న గీత వచ్చిందండి. ఇవాళ చేసిన బ్యాచ్ మొత్తం పారేసి రేపు మళ్లీ మొదట్నుంచీ చేస్తాం. మీ శాంపిల్ స్పిరిట్‌లో భద్రంగా ఉంది, డబ్బులు మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఈ రాత్రికి రొయ్య పట్టేసే నిర్ణయం మాత్రం తీసుకోకండి." ఆ ఒక్క ఫోన్‌తో వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఆ గీతని ఎవరూ చూసి ఉండరు, వాళ్లు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాడు నెగటివ్ వచ్చింది, చెరువు ఆ పంట పూర్తి చేసింది. భయంతో చిన్న సైజులోనే పట్టేసి ఉంటే ఎంత పోయేదో రొయ్య రైతులకి వివరించక్కర్లేదు.

సీడ్ (చెరువులో వదిలే రొయ్యపిల్లలు) పరీక్ష దగ్గర కూడా వాళ్ల పట్టుదల నాకు నచ్చింది. హేచరీ నుంచి పది పిల్లలు తెచ్చి ఇస్తే తీసుకోరు. 150 అడుగుతారు. ఎందుకని అడిగితే కాగితం మీద లెక్క వేసి చూపించారు. లక్షల పిల్లల్లో నూటికి రెండింటికి వైరస్ ఉందనుకోండి. పది పిల్లల్ని తీస్తే అందులో ఒక్కదానికైనా జబ్బుండే అవకాశం నూటికి 18 మాత్రమే, అంటే ఎక్కువసార్లు జబ్బు సీడ్‌కే క్లియర్ అని సర్టిఫికెట్ వచ్చేస్తుంది. 150 తీస్తే దొరికే అవకాశం 95కి చేరుతుంది. "పీసీఆర్ ఎంత మంచిదైనా మీరు తెచ్చిన పిల్లల్లో ఉన్నదే చెప్తుందండి, హేచరీ ట్యాంకులో మిగిలిపోయినవాటి సంగతి చెప్పలేదు" అన్నాడు మిషన్ దగ్గరుండే అబ్బాయి. మన దగ్గర తిరిగే సీడ్ టెస్ట్ రిపోర్టుల్లో ఎన్ని పిల్లల్ని పరీక్షించారో రాసి ఉందో లేదో దయచేసి ఈసారి చూడండి.

ఈహెచ్‌పీ విషయంలో వాళ్లు చెప్పేది వినడానికి చేదుగా ఉంటుంది. ఇది వైరస్ కాదు, లివర్ కణాల్లో బతికే అతిచిన్న పరాన్నజీవి. 2009లో థాయ్‌లాండ్ రొయ్యల్లో గుర్తించి దానికి పేరు పెట్టారు. రొయ్యని చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటుంది, మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రే ఖాళీ అవుతూనే ఉంటుంది, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) మాత్రం కదలదు, పక్కపక్కనే పెద్దదీ చిన్నదీ కనపడుతుంటాయి. దీన్ని నయం చేస్తుందని రుజువైన మందు లేదని వాళ్లు రిపోర్టు కిందే రాస్తారు. మార్కెట్లో ఈహెచ్‌పీ మందులంటూ వేలకి వేలు వసూలు చేస్తున్న ఈ రోజుల్లో ఆ వాక్యం రాయడానికి గుండె కావాలి. మరేం చెయ్యాలంటే తర్వాతి పంటకి ముందు చెరువు అడుగు ఎండగట్టి, హెక్టారుకి 6 టన్నుల చొప్పున కాల్చిన సున్నం మట్టిలోకి దున్ని, తడిపి, పీహెచ్ 12కి లేపమంటారు. మామూలు వ్యవసాయ సున్నంతో ఆ పని జరగదనీ, గింజంత గట్టిగా ఉండే దాని స్పోరు చావాలంటే ఆ స్థాయి క్షారం కావాలనీ చెప్తారు. సున్నం వాళ్ల దగ్గర దొరకదు, ఎక్కడ కొనాలో కూడా చెప్పరు.

విబ్రియో ప్లేట్లు ఇరవై నాలుగు గంటలు ఆగి ఇస్తారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్లేటు ఫోటోలు చూసి హడలిపోయేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. టీసీబీఎస్ అనే ఆ ఆకుపచ్చ జెల్ మీద చక్కెరని పులియబెట్టే విబ్రియోలు యాసిడ్ వదిలి పసుపు రంగు చుక్కలవుతాయి, అది చెయ్యలేనివి ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుపచ్చ చుక్క కనపడగానే ఈఎంఎస్ (రొయ్యలు చిన్నప్పుడే చచ్చిపోయే జబ్బు) వచ్చేసింది అని కొందరు భయపెడతారు. ఆ జబ్బు తెచ్చే పారాహీమోలైటికస్ అనే విబ్రియో ఆకుపచ్చగా వస్తుంది, నిజమే, కానీ ఆకుపచ్చగా వచ్చేవన్నీ అదే కాదు, అదే జాతి అయినా విషం తయారుచేసే జన్యువులు మోసేవే ఆ జబ్బు తెస్తాయి. ఆ జబ్బుకి పారాహీమోలైటికస్ కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయంలో లైట్‌నర్ బృందం తేల్చింది, విషపు జన్యువుల సంగతి ఆ తర్వాత తేలింది. విషపు జన్యువు ఉందో లేదో ప్లేటు చెప్పలేదు, దానికి మళ్లీ పీసీఆరే చెయ్యాలి. ఇక్కడ నీళ్లని పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేసి, ముప్పై నుంచి మూడు వందల లోపు చుక్కలొచ్చిన ప్లేటునే లెక్కపెడతారు. పలచన చెయ్యకుండా నేరుగా పూసి, కలిసిపోయిన పచ్చటి మరకని ఫోటో తీసి పంపేవాళ్ల మాట నమ్మకండి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. రిపోర్టు ఇంగ్లీషులో ఇస్తారు. నోటితో తెలుగులో ఎంత బాగా చెప్పినా, ఇంటికెళ్లాక ఆ కాగితం చదువుకోవాల్సింది చెరువు కాపలా ఉండే మనిషి కూడా. తెలుగులో అచ్చేయమని చాలామంది అడిగారు, ఇంతవరకు చెయ్యలేదు. ఆదివారం సెలవు, రొయ్యకి మాత్రం ఆదివారం లేదు. సీజన్‌లో పొద్దున తొమ్మిది దాటితే గంటల తరబడి కూర్చోవాలి, నలుగురు మనుషులతో అంత పని నడవడం కష్టం. ఫోన్ మధ్యాహ్నం పూట ఎత్తరు. రియల్ టైమ్ పీసీఆర్ లేదు, జెల్ చూసి ఉందా లేదా చెప్పడమే, వైరస్ గానీ పరాన్నజీవి గానీ ఎంత మోతాదులో ఉందో తెలియదు. ఈహెచ్‌పీకి ఆ మోతాదు తెలిస్తే పంట కొనసాగించాలా వద్దా అన్నది తేల్చుకోవడం సులువవుతుంది కాబట్టి ఆ మిషన్ వాళ్లు త్వరగా తెచ్చుకోవాలి. ల్యాబ్‌లకి జాతీయ స్థాయిలో ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు కూడా ఇంకా రాలేదు. పద్ధతులు ఇంత శ్రద్ధగా పాటిస్తున్నవాళ్లు దానికి ఎందుకు వెళ్లడం లేదో నాకు అర్థం కావడం లేదు, అది ఉంటే ఈ కాగితానికి బ్యాంకు దగ్గరా బీమా దగ్గరా విలువ పెరుగుతుంది. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష వీళ్లు చెయ్యరు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివాటికి ఎగుమతి కోసం రొయ్య పట్టేముందు జరగాల్సిన పరీక్షకి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా వాళ్ల ల్యాబ్‌కే వెళ్లాలి.

ఇంకో మాట, పాజిటివ్ వచ్చినప్పుడు వీళ్ల ప్రవర్తన గురించి. కళ్ల ముందే ఒక కుర్ర రైతుకి తెల్లమచ్చ పాజిటివ్ వచ్చింది. ముఖం పాలిపోయింది. ల్యాబ్ మేడమ్ అతన్ని పక్క గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ముందుగా చెప్పిన మాట, నీళ్లు డ్రెయిన్‌లోకి వదలొద్దు అని. వలతో పట్టుకోమని, మిగిలిన నీళ్లని బ్లీచింగ్ వేసి ఆపమని, వాడిన వలలు పక్కవాళ్లకి ఇవ్వొద్దని. అతను వదిలిన నీళ్లు యనమదుర్రు డ్రెయిన్‌లో పడితే అక్కడినుంచి తోడుకునే ఎంతమంది చెరువుల్లోకి వెళ్తాయో బొమ్మ గీసి చూపించారు. అతను ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అతని పేరు ఎవరు అడిగినా ల్యాబ్‌లో చెప్పలేదు, ఆ డ్రెయిన్ మీద ఆధారపడ్డవాళ్లకి మాత్రం "ఈ వారం నీళ్లు తోడకండి" అని మెసేజ్ పెట్టారు.

నా రేటింగ్ అయిదుకి నాలుగు. తెలుగు రిపోర్టు, రియల్ టైమ్ మిషన్ వస్తే ఆ మిగిలిన ఒకటి కూడా ఇచ్చేస్తాను. వెళ్లేవాళ్లు ముందురోజే వెళ్లి ఆక్సిజన్ సీసా, స్పిరిట్ ఉన్న చిన్న డబ్బా తీసుకొచ్చుకోండి. రొయ్యని ఫార్మాలిన్‌లో వెయ్యకండి, పీసీఆర్‌కి పనికిరాకుండా పోతుంది. చచ్చి ఎర్రబడ్డ రొయ్య తీసుకెళ్లినా తిప్పి పంపేస్తారు, నీరసంగా గట్టు పక్కన తిరిగే బతికున్నవే పట్టుకెళ్లండి. వానాకాలంలో కింద సందులో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, బండి మెయిన్ రోడ్డు మీదే ఆపుకోండి.